నాదస్వర విద్యలో పీక స్థానం: వాదనం, తయారీ, బోధన

నాదస్వరం అనగానే విద్వాంసులు, బాణీలు, ఆలయసేవ మన దృష్టికి వస్తాయి. అయితే ఆ నాదం పుట్టేది వాద్యం తలభాగాన అమర్చే చిన్న రెల్లు పీకలో. తమిళంలో దీనిని ‘సీవాళి’ అంటారు. వాదనం, తయారీ, బోధన వేర్వేరు వృత్తులుగా కనిపించినప్పటికీ, పీక విషయంలో అవి విడదీయరాని ఒకే విద్య అవుతాయని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

నాదోత్పత్తి

పీకలో రెండు రెల్లు రేకులు ఎదురెదురుగా, నడుమ సన్నని సందుతో ఉంటాయి. ఊపిరి ఒత్తిడికి ఆ సందు వేగంగా మూసుకొంటూ, తెరచుకొంటూ గొట్టంలోని గాలిని కంపింపజేస్తుంది. షెహనాయికీ, పాశ్చాత్యుల ఓబోకూ ఇదే మూలసూత్రం. నాదస్వరపు గొట్టం పైనుంచి కిందికి క్రమంగా వెడల్పవుతుంది. అందువల్ల ఊపిరిని, పెదవుల బిగింపును పెంచినప్పుడు అదే స్వరం పైస్థాయిలో పలుకుతుంది. ఆధునిక ఓబోకు ఉన్నట్లు దీనికి లోహపు మీటలు లేవు. ఏడు స్వరరంధ్రాలను వేళ్ళతో పూర్తిగానో, పాక్షికంగానో మూస్తూ తెరుస్తూ, పెదవులతో పీకను అదుపు చేస్తూ గమకాలను పలికించాలి. కనుక పీకలోని చిన్న లోపమైనా రాగస్వరూపాన్నే దెబ్బతీస్తుంది.

తయారీ

తమిళనాడులో కుంభకోణం సమీపంలోని నరసింగంపేట నాదస్వర నిర్మాణానికి ప్రసిద్ధి. అక్కడి వాద్యానికి 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. వాద్యానికి వాడే ‘ఆచ్చా’ చెక్క తెలుగునాట నారేపిగా పరిచితం. పచ్చి చెక్క ఆరేకొద్దీ ముడుచుకొని, పగిలి, రంధ్రాల కొలతలు మారతాయి. అందుచేత పాత ఇళ్ళ నుంచి తీసిన, ఏళ్ళతరబడి ఆరిన దూలాలను శిల్పులు ఎంచుకొంటారు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై అవసరాన్ని గ్రహించి, శుద్ధమధ్యమం చక్కగా పలికే పొడవైన ‘బారి’ నాదస్వరాన్ని రూపొందించిన రంగనాథన్ ఆచారి ఈ ఊరివాడే. వాదకుని చెవి, శిల్పి చేయి కలిసి పనిచేసిన ఫలితమది.

పీక తయారీ ఇంతకంటె సున్నితమైనది. కావేరీ తీరపు రెల్లును ఎండబెట్టి, ఉడికించి, చదును చేసి, దారంతో కడతారు. చేతిపని కావడంచేత ఏ రెండు పీకలూ ఒకేలా ఉండవు. తేమకు పీక మెత్తబడుతుంది, ఆరితే బిగుసుకొంటుంది. అందుకే వాదకులు వాద్యానికే అదనపు పీకలను, సవరించేందుకు సూదిని వేలాడదీసుకొంటారు.

బోధన

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా, చిలకలూరిపేటకు చెందిన ఆదం సాహెబ్ వద్ద అభ్యసించారు. అనంతరం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు. అప్పటికే ఒక సంప్రదాయంలో శిక్షణ పొందిన వాదకుడు సైతం మరో బాణీ కోసం గురువుల చెంతకు వెళ్ళవలసి రావడం గమనార్హం. స్వరలిపి కీర్తననైతే అందించగలదు; ఊపిరి బలాన్ని, పెదవి పట్టును, పీక ఎంపికను గురుసన్నిధిలోనే నేర్వాలి.

ఓబో విద్యార్థికి రెల్లును కత్తితో చెక్కి తన పీకను తానే తయారుచేసుకోవడం శిక్షణలో భాగం. నాదస్వర వాదకులు పీకలకు ప్రధానంగా వృత్తిదారులపై ఆధారపడతారు. ఈ పని చేసే కుటుంబాలు వృత్తిని విడిచిపెడితే, ఎంత సాధన చేసిన విద్వాంసుని చేతిలోనైనా వాద్యం మూగబోతుంది.

ముగింపు

కనుక పీక ఎంపిక, సవరణ, తయారీలను నాదస్వర పాఠ్యాంశాలుగా పరిగణించడం అవసరం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాలు నిర్వహిస్తున్న నాదస్వర, డోలు పాఠశాల వంటి సంస్థలు అందుకు అనువైన వేదికలు. విద్వాంసుల చరిత్రతోపాటు పీక కట్టేవారి పనిముట్లు, కొలతలు, వృత్తిపదాలను వారి నోటనే నమోదు చేయడం పరిశోధకులు ముందుగా చేపట్టవలసిన కర్తవ్యం.