జపనీస్ క్రియలు జట్లుగా ఎందుకు విడిపోయాయి?

జపనీస్ నిఘంటువులో ప్రతి క్రియా 'ఉ' ధ్వనితోనే ముగుస్తున్నా, వాక్యంలోకి వచ్చేసరికి అన్నీ ఒకే తీరుగా ఎందుకు మారవన్న సందేహం పిల్లలకు రావడం సహజమే. 'తినడం' అనే అర్థమున్న 'తబెరు'లో, డబ్బా కదలకుండా మూత మాత్రం మార్చినట్లు, 'రు' తీసి 'మసు' చేర్చితే మర్యాదరూపమైన 'తబెమసు', 'నయి' చేర్చితే 'తినను' అనే అర్థంలో 'తబెనయి' వస్తాయి. ఇలాంటివి ఇచిదన్, అంటే ఒకే మెట్టు క్రియలు. 'రాయడం' అనే 'కకు'లో మాత్రం చివరి అచ్చే కకనయి, కకిమసు, కకు, కకెబ, కకో అంటూ అయిదు అచ్చుల మీదుగా నడుస్తుంది కనుక, ఆ పెద్ద జట్టుకు అయిదు మెట్లు అనే అర్థంలో గోదన్ అని పేరు. ఈ రెండింటిలోనూ ఇమడనివి ముఖ్యంగా సురు (చేయడం), కురు (రావడం). చివర 'రు' కనబడగానే తొందరపడకూడదు: 'కయెరు' అన్నది 'మార్చడం' అయితే 'కయెమసు', 'తిరిగి వెళ్లడం' అయితే 'కయెరిమసు' అవుతుంది. అందువల్ల కొత్త క్రియ నేర్చినప్పుడల్లా దాని 'మసు' రూపాన్ని కూడా పక్కనే రాసుకోవాలి.