నల్లమల కనుమలో పొగబండి



గుంటూరు మొదలు గిద్దలూరు వఱకు గల పత్తిచేలలోను మిరపతోటలలోను పెరిగిన పెద్దలకు పొగబండి క్రొత్త వస్తువు గాదు. దాని కూతనుబట్టి పొద్దు తెలిసికొని అరక విప్పినవారు మీలో పెక్కుమంది యుందురు. ఆ బండి నల్లమల నెందులకు దాటవలసి వచ్చెనో, ఎట్లు దాటెడిదో, నేడు అట్టి ప్రయాణము చేయగోరువారు ఎచ్చటికి పోవలెనో ఈ సాయంకాలము మనవి చేసెదను.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువును గూర్చి మన పెద్దలు తమ పెద్దల నోట వినియున్నారు. లక్షలకొలది జనులు తిండిలేక మడిసిరి. ధాన్యము ఒకచోట నుండియు, కావలసినచోటికి చేరు దారిలేని తావులు పెక్కులుండెను. ఎద్దుబండిపై దూరము పంపవలెనన్న ఎద్దులకు దారిపొడవునను మేతయు నీరును కావలెను. కరువునాడు కొఱవడినవి అవియే గదా! 1880లో కరువు విచారణ సంఘమువారు ఇనుపదారులు వేయుట యొక విఱుగుడని చెప్పిరి. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ చేతిమీదుగా గుంతకల్లునుండి నంద్యాల, గుంటూరుల మీదుగా కృష్ణ యొడ్డునకు మీటరుగేజి దారి ఆ శతాబ్దము ముగియక మునుపే పడినది. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో కలిసి ఎం. అండ్ ఎస్. ఎం. అయ్యెను. అయితే రైలు ధాన్యమును తెచ్చుటయేగాక కొనిపోవుటయు నేర్చును. పేదవాని చేత రూకలు లేనినాడు బండి వచ్చినను గింజ యింటికి రాదు. ఈ సంగతి మఱవరాదు.

గుంటూరునుండి ఫిరంగిపురము, నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంభము, గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరువఱకు దారి చాలవఱకు మైదానమే. అచ్చటినుండి గాజులపల్లెవఱకు అడవి, లోయ, కొండ. ఈ నడుమనే బోగద సొరంగమున్నది. మరాఠీలో బోగదా యనగా సొరంగమనియే యర్థము.

ఆవిరియంత్రము పనిచేయు తీరు కష్టమైనది గాదు. నిప్పుగూటిలో బొగ్గు మండును. ఆ వేడిగాలి నీటినడుమనున్న గొట్టములలో దూరిపోవును. నీరు ఆవిరియై, మూతబడిన పాత్రలో నణగియుండి బలము పుంజుకొనును. ఆ యావిరి సిలిండరులోని పిస్టనును ముందునకును వెనుకకును నెట్టగా, దానికి తగిలించిన ఇనుపకడ్డీలు చక్రములను త్రిప్పును. పని ముగిసిన యావిరిని ఊరక వదలరు. పొగగొట్టములోనికి చిమ్ముదురు. అది పొగను లాగుకొని పోవుటచే నిప్పుగూటిలోనికి క్రొత్తగాలి చొరబడును. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, ఈ యంత్రమునకు విడిచిన యావిరి యట్టిది. మనము వినెడి ఛుక్ ఛుక్ మను చప్పుడు ఇదియే. కొండయెక్కునపుడు బరువు హెచ్చిన కొలది ఆ యూపిరి బలమగును. ఊపిరి బలమైన కొలది నిప్పు హెచ్చును.

ఇక ఎక్కుట మాట. నున్నని చక్రము నున్నని పట్టాపై నిలిచియుండుట బరువుచేతనే. వాన తడిసినను, ఆకు నలిగినను పట్టు తప్పును. అందుచే డ్రైవరు చక్రముల ముందు ఇసుక వదలును. బరువుబండి గట్టెక్కునపుడు మనము వెనుక చేయివేయునట్లు, కనుమదారులలో వెనుకనొక యంత్రమును తగిలించి నెట్టించుటయు కలదు. కొండను నిట్టనిలువున ఎక్కలేదు గనుక దారి మలుపులు తిరుగును. లోయ వచ్చినచో వంతెన, కొండ యడ్డమైనచో సొరంగము.

నేను చిన్నతనమున మా తండ్రిగారితో ఆ దారిని నంద్యాలకు పోయితిని. దిగువమెట్ట దాటినపిమ్మట బండి నడక మందగించెను. కిటికీలోనుండి తల బయటపెట్టగా కంట బొగ్గునలుసు పడెను. "సొరంగము వచ్చుచున్నది, తలుపు దింపరా అబ్బాయీ" యని ప్రక్కనున్న పెద్దాయన కేకవేసెను. నేను జాగుచేసితిని. వెలుతురులోనికి వచ్చునప్పటికి మా తండ్రిగారి తెల్లని ఉత్తరీయము మసిబారియుండెను. ఆయన నన్నేమియు ననలేదు.

ఆవిరియంత్రములకు మారుగా డీజిలు యంత్రములు వచ్చెను. 1990 తరువాతి దశాబ్దమున మీటరుగేజి తీసి, అయిదడుగుల ఆరంగుళముల బ్రాడుగేజి వేసిరి. నేడు విద్యుద్యంత్రములు నడచుచున్నవి. క్రొత్తదారి పడుటచే లోయపైనున్న పాత దొరబావి వంతెన వాడుక తప్పినది.

అట్టి ప్రయాణము నేడును చేయవలెనన్న నీలగిరికి పోవలెను. మద్రాసులో రాత్రి బండి యెక్కినవారు తెల్లవారునప్పటికి మేట్టుపాలయము చేరుదురు. అచ్చటనుండి కూనూరునకు 1899లోను, ఉదకమండలమునకు 1908లోను దారి పడినది. మొత్తము 46 కిలోమీటర్లు. ఎక్కుటకు దాదాపు అయిదు గంటలు. పండ్రెండడుగులు ముందుకు పోవునప్పటికి ఒక యడుగు ఎక్కవలసిన తావులున్నవి. ఇసుక అచ్చట చాలదు గనుక పట్టాలనడుమ పండ్లుగల కమ్ములు పఱచిరి. యంత్రపు పండ్లచక్రము వానిని కఱచికొని యెక్కును. యంత్రము వెనుకనుండి నెట్టును. కూనూరువఱకు ఆవిరియంత్రమును నేటికిని నడుపుచున్నారు. 2005లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వములలో చేర్చిరి.

నల్లమలలోను అట్టి బండి నడుపరాదా యని కొందఱడుగుదురు. నాకును ఆ కోరిక లేకపోలేదు. కాని నీలగిరిలో దారి తెగలేదు. ఇచ్చట మీటరు పట్టాలు లేచిపోయినవి. పత్తిబేళ్లకు నిప్పురవ్వ యెంతటి శత్రువో మీకెఱుకే. వేసవిలో ఎండిన యడవికిని అది యంతటి శత్రువే. నల్లమలలో పెద్దభాగము నేడు పులులకు అభయారణ్యము కూడ. కావున బండిని మరల తెచ్చుటకంటె, మిగిలిన గుర్తులను చెడకుండ కాపాడుట సులభము, మేలు.

అంతకంటె సులభమైన పని యొకటి మీ చేతనే యున్నది. ఆ దారిని బొగ్గు వేసినవారు, పట్టాలు సరిచేసినవారు, మిరప బస్తాలు ఎగుమతి చేసినవారు మీ యూళ్లలో ఇంకను కొందఱున్నారు. వారి ప్రక్కన కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు ఒక పుస్తకమున వ్రాయించుడు. ఇనుము తుప్పుపట్టుటకు ఏండ్లు పట్టును. జ్ఞాపకమునకు అంత గడువు లేదు.