మూసీలో చేపలు పట్టిన నాళ్ళు

చార్మినారుకు ఉత్తరాన, గుల్జార్ హౌజ్ చుట్టూ, నాలుగు దిక్కుల నాలుగు కమానులు నిలిచి ఉన్నవి. 1591లో చార్మినారు వెలసిన తరువాత కొద్ది సంవత్సరాలకే ఇవి వెలసినవి. ఉత్తరపు కమానుకు మచ్లీ కమాన్ అని పేరు; అంటే చేప కమాను. దక్కనులో చేప శుభచిహ్నం, సంపదకు గుర్తు. ఆ కమాను దాటి పత్తర్‌గట్టీ మీదుగా నడిస్తే కొంతసేపటికి నయాపూల్ చేరుతాము. వంతెన కింద మూసీ నది. కమానుకు పేరిచ్చిన చేప మాత్రం ఆ నీటిలో కనిపించదు. తినదగిన చేప కోసం అక్కడ గాలం వేసేవారు నేడు లేరు.

కాని రెండు తరాల వెనుక ఉండేవారు. మా తాతగారు 1920 ప్రాంతాలలో పిల్లవాడు. పురానాపూల్ కమానుల నీడలో కూర్చుండి జెల్లలు, పరకలు పట్టినామని, అదృష్టం కలిసివచ్చిన రోజున వాలుగ కూడ పడేదని ఆయన చెప్పేవారు. నా చిన్నతనం నాటికి, అనగా 1980 దశకం చివరికి, పాతబస్తీ బాలుడు ఆ ముచ్చట తీర్చుకోవలెనంటే నగరం విడిచి పోవలసి వచ్చేది. సెలవునాడు మా పెదనాన్నగారి సైకిలు వెనుక కూర్చుండి, మీరాలం చెరువు పక్కగా కిస్మత్‌పూర్ వైపు, ఈసీ వాగుకు వెళ్ళేవారము. ఒకే నదీకుటుంబం, కాని చేప అరవై ఏళ్ళలో పురానాపూల్ విడిచి కొన్ని మైళ్ళ ఎగువకు తరలిపోయినది. అది ఎందువల్ల తరలిపోయినదో ఈనాటి ప్రసంగంలో విచారిద్దాము.

ముందుగా నది సంగతి. మూసీ వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ సీమలో వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తున్నది. నగరంలోకి రాకముందే లంగర్‌హౌజ్ వద్ద ఈసీ దీనితో కలుస్తుంది. రెండూ వానమీద ఆధారపడిన ఏరులే. ఐనా మడుగులలో ఏడాది పొడుగునా నీరు నిలిచేది. వానకాలంలో కొత్తనీరు రాగానే చేపలు ఏటికి ఎదురీది గుడ్లు పెట్టుటకు పైకి పోయేవి. మృగశిర కార్తెనాడు చేప తినే మన ఆచారం తొలకరి వానల నాటిదే.

గాలం వేయుట పిల్లల ఆటగా కనిపించినా, అందులో నదిని చదివే విద్య ఉన్నది. వెదురు కర్ర, దారం, కొక్కెం, బెండుగా నెమలి ఈక కాడ, ఎరగా వానపాము: సామగ్రి ఇంతే. ఎక్కడ వేయవలెనన్నదే అసలు ప్రశ్న. వడిగా పారే నీటిలో చేప నిలువదు. రాతి చాటున, వంతెన స్తంభం వెనుక, నీరు మెల్లగా సుడి తిరిగేచోట కాచుకొని ఉంటుంది. బెండు చిన్నగా టక్కుటక్కుమని కదిలితే పరక. ఒక్కసారిగా మునిగిపోతే జెల్ల. జెల్ల ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపు తగ్గదు, కనుక దానిని కొక్కెం నుంచి తీసే పని పెదనాన్నగారిదే.

ఒక నియమం మాత్రం ఆయన ఎన్నడూ తప్పనిచ్చేవారు కాదు. వాగు పక్కన నిలిచిన నీటిలో, నాచు మొక్కల నడుమ, ఎర్రని చిన్నిచిన్ని చేపపిల్లల గుంపు ఒకటి నీటిపైకి వచ్చి మళ్ళీ దిగుతూ కనిపిస్తే, అక్కడ గాలం వేయరాదు. అవి కొర్రమీను పిల్లలు. పెద్దచేప వాటి కిందనే కాపలా కాస్తూ ఉంటుంది. పిల్లల మీద మమకారంతో అది దేనినైనా కరవడానికి వస్తుంది, కనుక పట్టుట సులభమే. కాని దానిని పడితే గుంపు అంతా దిక్కులేనిదవుతుంది. “వచ్చే ఏటికి మనకేమి మిగులుతుందిరా?” అనేవారాయన.

ఈ కొర్రమీనే మన కథకు కీలకం. చేపలన్నీ నీటిలో కరిగిన ప్రాణవాయువును మొప్పలతో పీల్చుకొంటవి. మన ఎండలలో లీటరు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు సుమారు ఏడు మిల్లీగ్రాములు మాత్రమే. అది ఐదుకు తగ్గితే రవ్వ, బొచ్చె వంటి చేపలకు ఇబ్బంది. రెండుకు దిగితే అవి బ్రతుకవు. కొర్రమీనుకు, మార్పుకు మాత్రం మొప్పలపైన వేరొక అర ఉన్నది. అవి నీటిపైకి వచ్చి గాలినే మింగి బ్రతుకగలవు. పాతబస్తీ దూద్‌బౌలిలో మొదలై, 1845 నుంచి జరుగుతున్నదని చెప్పుకొనే చేపమందు పంపకంలో, చిన్న సంచిలోని కాసిని నీళ్ళలో కొర్రమీను పిల్ల ప్రాణంతో ఉండగలుగుటకు కారణం ఇదే.

కనుక నది చెడుతున్నప్పుడు చేపలన్నీ ఒక్కనాడే పోవు, వరుసగా పోతవి. మొదట వాలుగ, రవ్వ కనుమరుగవుతవి. తరువాత పరకలు, జెల్లలు. చివరికి గాలి మింగే కొర్రమీను, మార్పు మిగులుతవి. అవి కూడ పోయిననాడు నదిలో ఇక పోవలసినది లేదన్న మాట. ఎందుకంటే పెద్దచేప గాలి మింగగలదే కాని, అప్పుడే పుట్టిన పిల్లకు ఆ అర ఇంకా ఏర్పడి ఉండదు; దానికి మంచినీరే శరణ్యం.

మూసీకి ఈ గతి రెండు దారుల వచ్చినది. మొదటి దారి మేలు తలపెట్టి చేసిన పనిలోనే ఉన్నది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15 వేలమంది చనిపోయినారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూరుమందికి పైగా ప్రాణాలు దక్కించుకొన్నారు. అటుపై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామేరకు మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. వరద భయం చాలవరకు తగ్గినది. నగరానికి త్రాగునీరు దొరికినది. ఆ మేలును కాదనలేము. కాని జలాశయాల దిగువన, గేట్లు ఎత్తిన రోజులలో తప్ప, నదికి సొంత నీరు లేకుండా పోయినది.

రెండవ దారి మురుగు. 1930 దశకంలో నగరానికి భూగర్భ మురుగు కాలువలు వేసినప్పుడు జనాభా ఐదు లక్షల లోపు. 2011 జనాభా లెక్కలలో అది 65 లక్షలు దాటినది. కాలువలు చాలక మురుగు నదిని పట్టినది. కార్ఖానాల విషజలాలు తోడైనవి. మురుగును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు కూడ ప్రాణవాయువునే వాడుకొంటవి. నదిలో మంచినీరు పారుతూ ఉంటే ఆ నష్టం కొంత పూడేది. మూసీలో పూడ్చే నీరు ఎగువనే ఆగిపోయినది. అంబర్‌పేట, నాగోలు శుద్ధి కేంద్రాలు పెద్దవే గాని, అవి పాతబస్తీకి దిగువన ఉన్నవి. అక్కడ శుభ్రమైన నీరు నయాపూల్ కిందికి తిరిగి రాదు గదా! ఇటీవలి సంవత్సరాలలో నగరంలో పలుచోట్ల కొత్త కేంద్రాలు కట్టుట ఇందుకే అవసరమైనది.

చచ్చిన నది మళ్ళీ బ్రతుకుతుందా? బ్రతికిన ఉదాహరణ ఉన్నది. లండన్ నగరపు థేమ్స్ నదిలో చాలాదూరం జీవమే లేదని 1957లో శాస్త్రజ్ఞులు తేల్చినారు. మురుగును శుద్ధి చేసే కేంద్రాలను పెంచి, మెరుగుపరచిన కొద్దీ నీటిలో ప్రాణవాయువు పెరిగినది. 1960 దశకం నుంచి చేపలు ఒక్కొక్క జాతిగా తిరిగివచ్చినవి. 1974లో సాల్మన్ చేప ఒకటి దొరికినప్పుడు అది పెద్ద వార్త అయినది. అంతకు ముందు నూరేళ్ళకు పైగా ఆ చేప అక్కడ కనిపించలేదు. నదులన్నీ ఒక్కటి కావు. థేమ్స్‌కు ఎగువనుంచి నీరు ఆగక వస్తుంది. కనుక మూసీకి మురుగు ఆపుటతోపాటు, ఏడాది పొడుగునా కొంతైనా మంచినీరు విడుచుట కూడ తప్పదు.

ఇందులో మన ఇండ్లలో చేయదగిన పని ఒకటి ఉన్నది. పాతబస్తీలో మూసీ నీట కాళ్ళు పెట్టిన వృద్ధులు ఇంకా కొద్దిమంది ఉన్నారు. ఏ వంతెన కింద, ఏ చేప, ఏ కార్తెలో పట్టినారో వారినడిగి, ఏ సంవత్సరమో గుర్తుచేయించి, కాగితంమీద పెట్టండి. నీటిని పరీక్షించే పరికరాలు రాకముందు ఈ నది ఎట్లా ఉండేదో చెప్పగల సాక్షులు వారే. నదిని బాగుచేస్తామనే వారికి కొలబద్దగా చూపుటకు ఆ జాబితా ఉపయోగపడుతుంది. ఒడ్డున తోటలు వేసినంతమాత్రాన, దీపాలు పెట్టినంతమాత్రాన నది బాగుపడినట్లు కాదు. పురానాపూల్ కింద ఒక పరక, దాని తరువాత ఒక జెల్ల, పిమ్మట నాచులో ఎర్రని కొర్రమీను పిల్లల గుంపు కనిపించిననాడు, మూసీకి ప్రాణం వచ్చినదని నిస్సంశయంగా చెప్పవచ్చును.