గోధుమ పడనివారికి పిజ్జా

నేటి పట్టణవాసమున పిల్లల పుట్టినరోజులకును, చెలికాండ్ర విందులకును పిజ్జాయే ముఖ్యభోజ్యమై యున్నది. ఎర్రగడ్డ మొదలు జూబిలీహిల్సు, ఫిలింనగరు వరకు ఈ ఇటలీదేశపు రొట్టె కొల్లగా దొరకును. కాని గోధుమ సరిపడని బిడ్డగల తల్లికి ఈ వేడుకయే యొక పరీక్ష. పదుగురు పిల్లలు తినుచుండగా తన బిడ్డ ఊరక చూచుచుండుట ఏ తల్లి సహింపగలదు? అట్టి సోదరీమణులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గోధుమ, యవలు, రై అను ధాన్యములలో గ్లూటెను అను జిగటగల మాంసకృత్తు కలదు. పిండి సాగుటకును, రొట్టె పొంగుటకును ఇదియే కారణము. సీలియాక్ వ్యాధి గలవారికి ఇది ప్రేవుల లోపలి పొరను చెరచును. తిన్నది ఒంటబట్టదు, విరేచనములు, రక్తహీనత, పిల్లలకు ఎదుగుదలలోపము కలుగవచ్చును. గోధుమకును ఈ వ్యాధికిని గల సంబంధమును హాలెండు వైద్యుడు విల్లెం డిక్కె 1950లో తన సిద్ధాంతగ్రంథమున వెల్లడించెను. గ్లూటెనును పూర్తిగా మానుటయే దీనికి చికిత్స.

ఈ వ్యాధి ఉత్తరాదికంటె మన దక్షిణాదిని తక్కువ. కావున హోటలువారికి దీని సంగతి తెలియకుండుట వింత గాదు. "కొంచెము తినిన నేమగును?" అందురు. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెను మూడు నెలలు తినిన రోగుల ప్రేవులు చెడినట్లు 2007లో ఇటలీ వైద్యులు ప్రకటించిరి. అది చిన్న రొట్టె తునియకు మించదు.

అడుగురొట్టె జొన్నదనియో రాగిదనియో పేరు చూచి మురియరాదు. ఆ పిండికి సాగుడు లేదు గనుక మైదా కలుపుట కలదు. రొట్టె శుద్ధమైనను వంటయిల్లు శుద్ధము గాకపోవచ్చును. అమెరికాలో డామినోస్ సంస్థ 2012లో గ్లూటెను లేని అడుగురొట్టెను ప్రవేశపెట్టి, తమ వంటయింట మైదా వాడుదురు గనుక సీలియాక్ రోగులకు అది తగదని తానే హెచ్చరించెను. పొయ్యివేడికి దోషము పోవుననుట పొరపాటు. గ్లూటెను క్రిమి గాదు, వేడికి చావదు.

కావున ముందుగా టెలిఫోనులో, రద్దీ లేని వేళ, ఈ ప్రశ్నలు అడుగవలెను. పిండిలో ఏమేమి కలిపిరి? పీట, అప్పడాలకర్ర, కోయు కత్తి వేరుగా నున్నవా? రొట్టెను వేరు పళ్లెమున కాల్చుదురా? మైదా తాకిన చేతితోనే కూరలు, జున్ను చల్లుదురా? జవాబు తడబడినచో ఆ చోటు మానుటయే మేలు. కట్టిన పొట్లముపై "గ్లూటెన్ ఫ్రీ" అని యున్నచో, మనదేశపు నిబంధన ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెను ఉండరాదు.

పిజ్జా మాని మన వంటకమే తిందమన్నను జాగ్రత్త వలయును. ఎమ్మెల్యే పెసరట్టులోని ఉప్మా గోధుమరవ్వదే. అంగడి ఇంగువలో తరచు గోధుమపిండి కలియును. సాంబారు, పులిహోరలందు అది కలదు. రవ్వదోసె కాల్చిన పెనము మీదనే సాదాదోసెయు కాల్తురు.

ఇంట చేయదలచువారు జొన్నపిండిలో కొంత బియ్యపుపిండియు, పట్టుకొరకు ఇసబ్‌గోలు పొట్టును కలిపి, వేడినీటితో మర్దించి కాల్చవచ్చును. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు పట్టింపరాదు. టమాటాలు, కూరమిరపకాయలు ఎర్రగడ్డ రైతుబజారునుండి తెచ్చుకొనవచ్చును.

చివర నొక్క హెచ్చరిక. అనుమానముతో వైద్యుని చూడకమునుపే గోధుమ మానరాదు. మానినచో రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. వ్యాధి తేలిన పిమ్మట మాత్రము, ఎవరెంత బలవంతపెట్టినను ఒక్క ముక్కయైనను పెట్టరాదు. విసుగక నాలుగు ప్రశ్నలడిగిన తల్లిబిడ్డయే రేపు తనంతట తానడిగి తినుట నేర్చుకొనును.