ఇరవై రూపాయల భోజనము

మన పాఠకులలో ఉద్యోగము వెదుక్కుంటూ బెంగుళూరు చేరి, మెజస్టిక్ చుట్టుపక్కల ఆంధ్రా మెస్సులలో కడుపు నింపుకొన్నవారు చాలామంది ఉంటారు. మేమూ వారిలో ఒకరము. కనుక ఈ నెల మా భోజన వృత్తాంతము ఒకటి విన్నవించుకొంటున్నాము. మెస్సు పేరు మాత్రము చెప్పము. చెప్పినందువలన ఎవరికీ మేలు లేదు.

మా వారు మూడు తరాలుగా కోలారు బంగారు గనులను నమ్ముకొని బ్రతికినవారు. 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతబడ్డాయి. మా నాయన ఇంట్లో కూర్చున్నాడు. మెట్రిక్కుతో ఆగిన చదువు చేతబట్టుకొని మేము బెంగుళూరు రైలు ఎక్కాము. ఒక ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. జీతములో సగము ఇంటికి పంపగా మిగిలినదే గది అద్దెకూ తిండికీ.

ఆ రోజులలో ఒక సందులో, మేడమీద ఉండేది ఈ మెస్సు. భోజనము 20 రూపాయలు. నెల టోకెన్లు ఒక్కసారిగా కొన్నవారికి ఇంకా చవక. అరటి ఆకు వేసి, మొదట కందిపొడి, దానిమీద గరిటెడు నెయ్యి. తరువాత గోంగూర పచ్చడి, ముద్దపప్పు, ఒక వేపుడు, పులుసు, మిరియాల చారు, గడ్డపెరుగు. ఎంత తిన్నా అడిగేవారు లేరు. యజమానిని మేమందరము పెద్దాయన అనేవారము. ఆయన భార్య వంటింటి గడప దగ్గర నిలబడి, "ఇంకో ముద్ద పెట్టించుకో నాయనా, మొగమాటపడకు" అనేది. రోజంతా ఆఫీసులో కన్నడము మాట్లాడిన నోటికి ఆ మాట కూడా ఒక వంటకమే.

మొన్న ఒక ఆదివారము మా ఇంటిదానినీ, పదవ తరగతి చదివే మా అమ్మాయినీ వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాము. దారి పొడుగునా ఆ కందిపొడిని గూర్చి మేము చెప్పిన గొప్పలు ఇన్నీ అన్నీ కావు. బస్సులో పక్కన కూర్చున్నవారికి కూడా నోరూరి ఉండవలెను.

మెట్లు అవే, బల్లలు అవే. అరటి ఆకు మాత్రము లేదు, ఆకు ముద్ర వేసిన కాగితము పరిచారు. భోజనము 120 రూపాయలు. ఆ వీధిలో ఇప్పటికీ అదే చవక. వడ్డించే కుర్రవాడు ఒడిశా నుంచి వచ్చినవాడట. పాపము, మర్యాదగానే "సాంబార్ బేకా సార్?" అన్నాడు. అన్నము చల్లారి ఉంది. పొడి నోట పెట్టుకొని మా ఇంటిది మెల్లగా, "ఏమండీ, ఇది కందిపొడి కాదు, పుట్నాల పొడి" అన్నది. నెయ్యి చెంచాతో రెండు చుక్కలు. పప్పు పలుచన, అందులో కందికంటె బఠాణిపప్పు వాసన ఎక్కువ. గోంగూర సీసాలోది. గడ్డపెరుగుకు బదులు చిన్న గిన్నెలో నీళ్ళమజ్జిగ. మారు అడిగితే అన్నమూ చారూ మాత్రమే వచ్చాయి.

మా అమ్మాయి, "నాన్నా, దీనికోసమా ఇంత దూరము వచ్చాము?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

డబ్బు కట్టే చోట పెద్దాయన కుమారుడు ఉన్నాడు. పెద్దాయన లేరు, అమ్మగారు మంచము పట్టి ఉన్నారట. పాత టోకెన్ల కాలమువారమని చెప్పి, ఉండబట్టలేక పొడి సంగతి ఎత్తాము. ఆయన కోపగించుకోలేదు.

"నిజమే సార్. మేడ అద్దె చూడండి. 19 కిలోల వ్యాపార సిలిండరు ధర నెల నెలా మారుతుంది. అమ్మ చేసే పనికి ఇప్పుడు ఇద్దరికి జీతము ఇస్తున్నాను. 150 చేసి పాత సరుకే వేద్దామని ఒకసారి చూశాను. నెల తిరిగేసరికి సగము బల్లలు ఖాళీ. చవక అనే కదా సార్ మా మెస్సుకు పేరు!"

ఆ మాటతో మాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. మేము చేరిన మూడవ ఏడో నాలుగవ ఏడో పెద్దాయన రెండు రూపాయలు పెంచాడు. టోకెన్లవారమందరము కలిసి గొడవ చేశాము. అందరి తరపున మాట్లాడినది మేమే. ఆయన ఏమీ అనక, పలక మీది అంకె తుడిచి మళ్ళీ 20 వేశాడు. గెలిచామని ఆ పూట రెండు మార్లు ఎక్కువ పెట్టించుకొన్నాము. ఆ రెండు రూపాయలు ఆయన ఎక్కడినుంచి తెచ్చి పూడ్చుకొన్నాడో ఒక్కరమూ అడగలేదు. అంత తక్కువకు అంత మంచి భోజనము వచ్చిందంటే, అమ్మగారి రెక్కల కష్టానికి లెక్క కట్టలేదు గనుకనే. లెక్కలు వ్రాసి బ్రతికే మాకు ఈ చిన్న లెక్క ఇరవై ఏళ్ళకు తెలిసింది.

ఈ ఊళ్ళోనే 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్సు, అనగా ఎం.టి.ఆర్., కథ చాలామంది ఎరుగుదురు. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వము హోటలు ధరలను బాగా దించి కట్టడి చేసింది. ఆ ధరకు సరుకు తగ్గించి అమ్మడానికి మనసొప్పక, వారు నష్టము భరించి భరించి చివరకు హోటలే మూశారు. తరువాత మళ్ళీ తెరిచారు. అది గొప్ప పనే. కాని సందులోని మెస్సువాడికి మూసుకొని కూర్చునే స్తోమత ఏది? మూసినా నెల తిరిగితే అద్దె కట్టవలసిందే. అందుకని తలుపు తెరిచే ఉంచి, లోపల నేడు నెయ్యి, రేపు పెరుగు, ఎల్లుండి కందిపప్పు, ఇలా ఒక్కొక్కటీ తగ్గించుకొంటూ వచ్చాడు.

అట్లని ఆ భోజనము బాగున్నదని మేము అనబోము. పుట్నాల పొడిని కందిపొడి అని వడ్డించుట తప్పే. పలక మీద ఉన్నమాట వ్రాసి, ధర పెంచి, నాలుగు బల్లలకే వండినా సరే, నిజమైన కందిపొడి పెడితే తినేవారు దొరుకుతారని ఆయనతో చెప్పి వచ్చాము. "చూస్తాను సార్" అన్నాడు.

రాబోయే ఉగాదికి మన సంఘ భోజనము టిక్కెట్టు ధర తేల్చే సమావేశము ఉన్నది. ఏటా అక్కడ "పది రూపాయలు తగ్గించండి" అని మొదట లేచేది మేమే. ఈసారి మాత్రము వంటవారికి ఎంత ఇస్తున్నారని ముందు అడిగి, ఆ తరువాతే ధర మాట ఎత్తుదుము.