మీకు తెలుసా? గడ్డ కరవుకు నిలుస్తుంది, తీగ నిలవదు

చిలగడదుంప అనండి, గెనుసుగడ్డ అనండి, మొరంగడ్డ, రత్నపురిగడ్డ అనండి, మన ఇళ్లలో దీనికి ఏడాదికోసారే పెద్దపీట. శివరాత్రి ఉపవాసానికి ఉడకబెడతాం. చలికాలంలో నిప్పుల్లో కాల్చుకుంటాం. ముక్కల పులుసులో నాలుగు చక్రాలు వేస్తాం. అంతకుమించి దీన్ని కడుపు నింపే తిండిగా లెక్కలోకి తీసుకోం. ప్రపంచం మాత్రం ఏటా సుమారు 9 కోట్ల టన్నుల గడ్డ పండిస్తోంది. అందులో సగానికి పైగా చైనాదే. పాపువా న్యూగినీ కొండప్రాంతాల్లో మనకు అన్నం ఎంతో అక్కడివాళ్లకు ఈ గడ్డ అంత. వానలు అదను తప్పి, ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో ఈ పంటను కాస్త దగ్గరగా చూడాలి.

దీనికి గండపు వారం లేదు

బంగాళాదుంప నేలలో ఊరిన కాండం, చిలగడదుంప నేలలో ఊరిన వేరు. ఈ తేడా వల్ల రైతుకు ఒరిగేదేమిటో చూడండి. వరి, మొక్కజొన్న వంటి గింజ పంటలకు పూత సమయం ప్రాణసంకటం. ఆ పది రోజుల్లో వాన మొహం చాటేసినా, వడగాలి కొట్టినా కంకి తాలే. చిలగడదుంప గడ్డ ఊరడానికి పూతతో పనే లేదు. తడి ఉన్నన్నాళ్లు ఊరుతుంది, లేనప్పుడు ఆగుతుంది, మళ్లీ చినుకు పడితే మళ్లీ అందుకుంటుంది. నాటిన తొలి నెలా నెలన్నర మాత్రం తడి తప్పకూడదు. వేరు గడ్డ కడుతుందా, ఉత్త పీచుగా మిగిలిపోతుందా అన్నది అప్పుడే తేలిపోతుంది.

తుపాను గాలికి అరటి విరుగుతుంది, వరి పడిపోతుంది. తీగ నేలనంటి పాకుతుంది కాబట్టి గాలికి దొరకదు, గడ్డ మట్టిలో ఉంటుంది కాబట్టి అంతకంటే దొరకదు. పైగా ఒక్కరోజున కోసి ఇల్లు చేర్చాల్సిన పంట కాదిది. మూడున్నర, నాలుగు నెలలకు గడ్డ చేతికొస్తుంది. తూర్పు ఆఫ్రికా పల్లెల్లో ఆడవాళ్లు బోదె పగుళ్లు చూసి, ఆ పూట వంటకు సరిపడా పెద్ద గడ్డలు మాత్రం తవ్వుకుని, చిన్నవాటి మీద మట్టి కప్పేస్తారు. పొలమే వాళ్ల గాదె.

విత్తనం గోతంలో పట్టదు

ఈ పంటలో అసలు చిక్కు ఇక్కడుంది, నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నదీ ఇక్కడే.

చిలగడదుంపను గింజతో వేయరు. పూసి గింజ కట్టినా ఆ గింజ మొక్క తల్లిని పోలదు. కొత్త రకాలు పుట్టించే శాస్త్రవేత్తలకు తప్ప అది ఇంకెవరికీ అక్కరకు రాదు. రైతు నాటేది కణుపులున్న తీగ ముక్కల్ని. బోదెల మధ్య 60 సెంటీమీటర్లు, ముక్కకూ ముక్కకూ నడుమ 20 సెంటీమీటర్లు పెట్టి లెక్క వేయండి. ఎకరాకు సుమారు 33,700 ముక్కలు కావాలి. అన్నీ పచ్చిగా, ప్రాణంతో, నాటే వేళకే చేతికందాలి. కోసిన తీగ నీడలో రెండు మూడు రోజులు ఆగుతుంది, ఆపైన పనికిరాదు. వరి విత్తనంలా ఏడాది ముందే కొని అటకమీద పెట్టుకునే వీల్లేదు. మన రాయితీ విత్తనాల ఏర్పాటంతా గోతాల మీద నడిచేది. గోతంలో పట్టని విత్తనం ఆ ఏర్పాటుకు ఎక్కడ కనబడుతుంది?

ఎండాకాలం సాగినకొద్దీ మట్టిలోని గడ్డ బతికే ఉంటుంది గాని, పైన తీగ మాడిపోతుంది. తొలివాన పడేనాటికి నాటుకోవడానికి తీగ ఉండదు. నీటి వసతి ఉన్న ఒకరిద్దరి దగ్గర దొరికేదాకా చూడాలి. వాన ఆలస్యమైతే, తీగ అంతకంటే ఆలస్యమవుతుంది. ‘కరవును తట్టుకునే పంట’ అని ఈ గడ్డ గురించి చదివినప్పుడల్లా, దాని తీగ తట్టుకోదన్న మాట కూడా పక్కనే రాయాలనిపిస్తుంది నాకు. ఆఫ్రికాలో ఈ తీగను వేసవి దాటించే పని చాలా చోట్ల ఆడవాళ్ల మీదే పడింది. ఇంటి వెనక వాడిన నీళ్లు పారే జానెడు చోటులో నాలుగు తీగల్ని పచ్చగా నిలబెట్టేది వాళ్లే. ఊరంతటి వచ్చే ఏటి తిండి ఆ జానెడు తడిలో ఉంటుంది.

ఓడ తాళ్లలో దాగి వచ్చింది

ఈ పంట పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణమండలం. చైనా చేరింది మాత్రం ఫిలిప్పీన్స్ మీదుగా. ఫుజియాన్‌కు చెందిన చెన్ జెన్‌లాంగ్ అనే వర్తకుడు లూజాన్ దీవిలో దీన్ని చూశాడు. అక్కడి స్పెయిన్ పాలకులు తీగను పొలిమేర దాటనిచ్చేవారు కారట. ఓడ తాళ్లలో కలిపి చుట్టి 1593లో ఇంటికి చేర్చాడని చైనీయులు చెప్పుకుంటారు. ఆ వెంటనే ఫుజియాన్‌ను కరవు పట్టింది. రాష్ట్ర పాలకుడు జిన్ శ్వేజెంగ్ ఆ తీగను ఊరూరా నాటించాడు. ఫుజౌ నగరంలోని ఊషాన్ కొండ మీద ఈ పంట పేరిట ఒక మండపం ఇప్పటికీ ఉంది.

జపాన్‌లో 1732లో చలి, ముసురు, వాటి వెంట దోమపోటు వచ్చి పడమటి ప్రాంతాల వరిని తుడిచిపెట్టాయి. మన వరి రైతుకు సుడిదోమ ఎంత పని చేస్తుందో తెలుసు కాబట్టి ఆ ఏటి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అప్పటికే ఈ గడ్డ పండిస్తున్న సత్సుమా ప్రాంతం మిగతావారంత కష్టం చూడలేదు. ఇవామి వెండిగనుల ప్రాంతపు అధికారి ఇదో హెయిజాఎమోన్ అక్కడినుంచి గడ్డలు తెప్పించి తన ప్రజల చేత నాటించాడు. జనం ఆయనను ‘గడ్డల దొర’ అని పిలుచుకున్నారు. ఆయన పేరిట ఆ చుట్టుపక్కల వందల రాళ్లు నిలబెట్టారు.

మొజాంబిక్ నేర్పినది

2000లో మొజాంబిక్‌ను వరదలు ముంచాయి. పొలాలు పోయాయి, తీగలూ పోయాయి. నీళ్లు తీశాక రైతులకు పంచిన తీగల్లో నారింజ రంగు గడ్డ రకాలు కూడా ఉన్నాయి. అక్కడివాళ్లు అప్పటిదాకా తిన్నది తెల్లగడ్డ. తెల్లగడ్డ ఆకలి తీరుస్తుందే గాని విటమిన్ ఎ ఇవ్వదు. ఆ విటమిన్ కొరత పిల్లల కళ్లను, రోగాన్ని ఎదిరించే శక్తిని తినేస్తుంది. నారింజ రంగు గడ్డలో ఉన్న బీటా కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎగా మారుతుంది.

రంగు మారిన గడ్డను జనం తింటారా? ఈ అనుమానం అందరికీ ఉండేది. కేప్ వెర్డెలో పుట్టి మొజాంబిక్‌లో పనిచేసిన మరియా ఆండ్రాడె, పోషకాహారంతో వ్యవసాయాన్ని ముడివేసిన జాన్ లో, ఇద్దరూ ఆ రంగునే ముందు పెట్టుకున్నారు. సంతలో నారింజ రంగు కొట్లు వెలిశాయి, నారింజ రంగు బట్టలు వచ్చాయి. తల్లులకు పిల్లల తిండి గురించి చెప్పారు, తీగలు ఇచ్చారు, గడ్డకు గిరాకీ చూపించారు. జాంబేజియా రాష్ట్రంలో రెండేళ్లపాటు చిన్నపిల్లల్ని గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. గడ్డ అందిన ఊళ్లలో విటమిన్ ఎ తక్కువగా ఉన్న పిల్లలు 60 శాతం నుంచి 38 శాతానికి తగ్గారు. అందని ఊళ్లలో మార్పు లేదు.

కాని ఆ తొలి రకాలు కరవుకు ఆగలేదు. వేసవిలో తీగ చచ్చిపోయేది, పంచిన పని మళ్లీ మొదటికొచ్చేది. అప్పుడు ఆండ్రాడె బృందం అక్కడి నేలలోనే రకాలు పుట్టించే పనికి పూనుకుంది. ఒక్కో పరీక్ష ఒక్కో ఏడు చేసే పాత పద్ధతి వదిలి, ఒకే ఏడు అనేక చోట్ల నాటి చూసింది. అలా కాలం సగానికి సగం తగ్గించి, 2011లో కరవుకు ఓర్చే 15 రకాలు విడుదల చేసింది. ఉగాండాలో తీగ మీద వచ్చే వైరస్ తెగుళ్లకు తట్టుకునే రకాల కోసం రాబర్ట్ మ్వాంగా పాతికేళ్లకు పైగా శ్రమించాడు. పోషకాలు పెంచిన పంటల కోసం పనిచేసిన హోవర్త్ బూయిస్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఒక గడ్డ కోసం ఇంతమంది జీవితాలు పెట్టారని మన పాఠ్యపుస్తకాల్లో కూడా ఒక ముక్క ఉంటే బాగుండును.

మన దగ్గర?

దేశంలో ఈ పంటకు పెద్దదిక్కు ఒడిశా. దుంప పంటల కోసమే 1963లో తిరువనంతపురంలో కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ ఇచ్చిన భూ సోనా రకం లోపల ముదురు నారింజ రంగులో ఉంటుంది. మామూలు రకాల్లో వంద గ్రాములకు 2, 3 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటే దీనిలో 14 ఉంటుంది. భూ కృష్ణ అనే మరో రకం లోపలంతా ఊదా రంగు, అది ఉప్పు నేలను కూడా కొంత ఓర్చుకుంటుంది. గోదావరి ఒడ్డున కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానం దుంప పంటల మీద పనిచేస్తోంది. సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతున్న మన తీరపు ఊళ్లలో, వానాధారపు రాయలసీమ చేలలో ఈ రకాలు విస్తారంగా నాటి చూడాలి. బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే చుక్క నూనో నెయ్యో తోడుండాలి. తాలింపు వేసిన కూర ఆ పని తనంతట తానే చేసిపెడుతుంది.

వేటికి ఓడిపోతుంది?

నిలవనీటికి ఓడిపోతుంది. రెండు మూడు రోజులు నీళ్లు కదలకుండా ఉంటే గడ్డకు ఊపిరాడక కుళ్లుతుంది. బోదెలు ఎత్తుగా పోసేది అందుకే.

మంచుకు ఓడిపోతుంది. 1997లో ఎల్ నినో వల్ల పాపువా న్యూగినీ ఎత్తైన కొండల్లో ఒకపక్క వానలు ఆగిపోయాయి, మరోపక్క మబ్బు లేని రాత్రుల్లో గడ్డకట్టే మంచు కురిసి తీగలన్నిటినీ మాడ్చేసింది. వేరే తిండి లేని ఇళ్లలో ఆకలి తాండవించింది. అక్కడి ఎంగా ప్రాంతపు రైతులు గడ్డీ పాత తీగా లోపల పెట్టి పెద్ద పెద్ద మట్టి దిబ్బలు పోసి, వాటి మీద నాటుతారు. లోపలి చెత్త కుళ్లుతూ వేడినిస్తుంది, చలిగాలి దిబ్బ మీంచి కిందికి జారిపోతుంది. కొద్దిపాటి మంచుకు ఆ ఏర్పాటు చాలు, 1997 నాటి మంచుకు చాలలేదు.

ముక్కుపురుగుకూ ఓడిపోతుంది. ఎండ ముదిరితే ఈ పురుగుకు పండగే. అది మట్టిని తవ్వలేదు, బెట్టకు నేల బీటలు వారితే ఆ బీటల గుండా గడ్డను చేరుతుంది. పురుగు తొలిచిన గడ్డ తనను కాపాడుకోవడానికి చేదు పదార్థాలు ఊరబెట్టుకుంటుంది, ఇక ఆ గడ్డ పశువులకు కూడా పనికిరాదు. బీటలు కనబడగానే బోదెకు మట్టి ఎగదోయడం, పురుగు లేని తీగనే నాటడం, అదే చేలో మళ్లీ మళ్లీ వేయకపోవడం, ఈ మూడూ మందుకంటే నమ్మకమైన మార్గాలు.

ఎండకు నిలిచేవి 132

లీమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం చిలగడదుంప రకాలను కూడా వేల సంఖ్యలో భద్రపరుస్తోంది. అక్కడివాళ్లు 1,973 రకాలను వేడి చేలలో నాటి చూశారు. మంచి ఓర్పు చూపినవి 132. తక్కువగా అనిపించినా, రేపటి రకాలకు తల్లులు అవే. ఏదో ఊళ్లో ఒక ముసలమ్మ వదలకుండా పెంచుకొచ్చిన నాటు రకం పోతే, అలాంటి ఒక తల్లి పోయినట్టే.

ఇంకో చిన్న విశేషం. జన్యుమార్పిడి పంట అనగానే మనకు ప్రయోగశాల గుర్తొస్తుంది. 2015లో 291 చిలగడదుంప సాగు రకాలను పరీక్షిస్తే అన్నిటిలోనూ అగ్రోబ్యాక్టీరియం అనే మట్టి సూక్ష్మజీవి జన్యువుల ముక్కలు దొరికాయి. ఏ శాస్త్రవేత్తా పుట్టకముందే ప్రకృతి ఆ పని చేసిపెట్టింది.

వంటింటికి రెండు మాటలు

ఈ తీగ మన తూటికూరకు దగ్గరి చుట్టం. లేత చిగుళ్లు కూర వండుకోవచ్చు. ఫిలిప్పీన్స్‌లో, పశ్చిమ ఆఫ్రికాలో అది రోజువారీ ఆకుకూర. గడ్డ ఊరకముందే, నాటిన నెలన్నరకే ఇల్లు గడిపే తిండి ఇది.

గడ్డను ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి లోపల గట్టిపడి రుచి పోతుంది. సన్నని సెగ మీద నిదానంగా కాల్చండి. గడ్డలోనే ఉన్న ఒక ఎంజైము 60 నుంచి 75 డిగ్రీల వేడిలో పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ వేడిలో ఎంతసేపు ఉంటే అంత తీపి.

ఇసుకలో దాచే తీగ

తీగను వేసవి దాటించడానికి తూర్పు ఆఫ్రికాలో ఒక పద్ధతి వచ్చింది. ఇసుకలో నిల్వ, ఆపైన మొలక అనే అర్థమిచ్చే మూడు ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలతో దాన్ని ‘ట్రిపుల్ ఎస్’ అంటారు. నీళ్లు లేనప్పుడు తీగను బతికించడానికి తంటాలు పడకుండా, గడ్డనే దాచి దానినుంచి తీగ రాబడతారు. మన పల్లెల్లోనూ చేసుకోవచ్చు.

పంట తవ్వినప్పుడు దెబ్బ తగలని, పురుగు చిల్లి లేని మధ్యరకం గడ్డలు ఏరి పక్కన పెట్టండి. బేసిన్‌లోనో తొట్టిలోనో కాగితం పరిచి, పొడిగా చల్లగా ఉన్న ఇసుక పోసి, ఒకదానికొకటి తగలకుండా గడ్డలు పేర్చి, పైన మళ్లీ ఇసుక కప్పండి. ఇంట్లో నీడపట్టున ఉంచి, నెలకోసారి తీసి చూసి, మెత్తబడినవి ఏరిపారేయండి. వానలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఆ గడ్డల్ని ఇంటి దగ్గర చిన్న మడిలో పాతి తడిపెట్టాలి. జూన్ వానకు తీగ కావాలంటే ఏప్రిల్ రెండో పక్షంలో గడ్డలు మడిలో పడాలి. మేకలు, కోళ్లు రాకుండా చుట్టూ కంచె కట్టండి. నేల పదునెక్కిన రోజున జానెడుకు మించి పొడవున్న ముక్కలు కోసుకుని, ఎవరి దగ్గరా అడగకుండా అదే రోజు నాటుకోవచ్చు.