మీకు తెలుసా? 2.5 మారకూడదు, 440 తగ్గకూడదు

స్విచ్ వేస్తే ఫ్యాన్ గుర్రుమంటుంది గానీ కదలదు. కర్రతో రెక్కను కాస్త తోస్తే మెల్లగా తిరుగుతుంది. కుడికి తోస్తే కుడికి, ఎడమకి తోస్తే ఎడమకి! మోటారు కాలిపోయిందని కంగారుపడకండి. చాలాసార్లు పోయేది, మోటారు మీది ప్లాస్టిక్ కప్పులో కూర్చున్న కండెన్సరు. కెపాసిటర్ అన్నా అదే. కొట్లో మాత్రం ‘ఫ్యాన్ కండెన్సర్’ అంటేనే చెయ్యి చటుక్కున డబ్బాలోకి వెళుతుంది.

దాని మీద ఎక్కువగా 2.5 ఎం.ఎఫ్.డి., 440 వోల్టులు అని కనిపిస్తుంది. ఎం.ఎఫ్.డి. అంటే మైక్రోఫారడ్. ఇంటికొచ్చేది 230 వోల్టులైతే 440 ఎందుకు? వైండింగుతో జతపడ్డాక కండెన్సరు రెండు తీగల మధ్య వోల్టేజి, సరఫరా వోల్టేజిని దాటిపోతుంది కాబట్టి. అందుకే ఆ అంకె తగ్గకూడదు. ఎక్కువుంటే నష్టం లేదు.

2.5 సంగతి వేరు. ‘3.15 వెయ్యండి, గాలి బాగా వస్తుంది’ అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. గాలి కాస్త పెరిగినా పెరగొచ్చు, దాంతోపాటు వైండింగు వేడీ పెరుగుతుంది. పాతదాని మీద ఎంత ఉంటే అంతే వేయాలి. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాన్ల వారికి ఈ బెడద లేదు, వాటికి ఈ కండెన్సరే ఉండదు.

అసలు ఫ్యాన్ ఏటేటా ఎందుకు నెమ్మదిస్తుంది? కండెన్సరు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద ఇంకా పల్చటి లోహపు పూత ఉంటాయి. పొర ఎక్కడైనా చిల్లిపడితే అక్కడ చిన్న మెరుపు పుట్టి చుట్టూ ఉన్న పూతను ఆవిరి చేసేస్తుంది. షార్టు కాకుండా గండం గడుస్తుంది. గడిచిన ప్రతిసారీ చిటికెడు పూత హరించుకుపోయి, 2.5 కాస్తా 2కి, ఆపైన 1.5కి దిగుతుంది. మనమేమో రెగ్యులేటర్‌ని తిడుతుంటాం.

టీవీ, సెట్‌టాప్ బాక్సుల్లోని కండెన్సర్లు వేరే జాతి. లోపల తడి ద్రవం ఉన్న చిన్న అల్యూమినియం డబ్బాలవి. నెత్తిన చిన్న గాట్లు కనిపిస్తాయి. లోపల వాయువు పేరుకుంటే డబ్బా పేలకుండా అక్కడ చీలాలని కావాలనే పెట్టిన గాట్లవి. నెత్తి చపాతీలా పొంగిందంటే దాని పని అయిపోయినట్టే.

మార్చేటప్పుడు 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులు చూసి తెచ్చేస్తాం. పక్కన చిన్నగా ఉన్న 85 డిగ్రీలో 105 డిగ్రీలో అన్నది ఎవరూ చదవరు. నన్నడిగితే ముందు చదవాల్సింది అదే. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు ఆయుష్షున్నదాన్ని తీసుకోండి. ఎడతెగకుండా వాడితే 83 రోజులే! కానీ వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. పెట్టె లోపల 65 డిగ్రీలుంటే లెక్క 32,000 గంటలకు చేరుతుంది, అంటే మూడున్నరేళ్ల పైమాటే. 85 డిగ్రీల రకానికి అదే 2000 గంటలైతే వచ్చేది 8000, ఏడాది కూడా నిండదు. సెట్‌టాప్ బాక్సుకి రాత్రి కూడా స్విచ్ కట్టని ఇళ్లలో ఈ తేడా తెలిసొస్తుంది. ధరలో తేడా కొద్ది రూపాయలే. పవర్ సప్లై బోర్డుకైతే ‘లో ఈఎస్ఆర్’ (లోపలి నిరోధం తక్కువుండే) రకమని అడిగి మరీ తీసుకోండి. పాతదానికన్నా ఎక్కువ వోల్టులది తెస్తే డబ్బా లావెక్కుతుంది, పెట్టె మూత పడుతుందో లేదో కొలుచుకోండి.

ఫ్యాన్ కండెన్సరుకి ప్లస్సు, మైనస్సు లేవు, వీటికి ఉన్నాయి. పక్కనున్న లేత రంగు చార మైనస్ కాలుని చూపిస్తుంది. టంకం పెట్టే ముందు ప్లగ్ పీకితే సరిపోదు. బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద డబ్బా ఉంటుందే, అందులో 325 వోల్టుల దాకా ఇంకా నిలవ ఉండొచ్చు. మల్టీమీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.